నీలం బంకమన్ను కింద

పాత ఇల్లు, గోడకి ఇవతలి సగం
ఫిబ్రవరి 9

చిన్నదానికి,

ఎనిమిదేళ్ళ తర్వాత అక్క దగ్గర నుంచి ఉత్తరం ఏమిటని బెదిరిపోకు. నేను చావలేదు. చెప్పేది నేను, రాసేది మన వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చాడు. అందుకు నెల రోజులు అతని చొక్కాలు ఉతికిపెట్టాలి. అంటే ఈ ఉత్తరంలో ఉన్న ఒక్కో తిట్టుకీ నేను చెమటోడ్చానన్నమాట. తేలిగ్గా చదివి పారెయ్యకు.

నీ బావి తాళం తియ్యమని దేబిరించడానికి రాయించడం లేదు. నాన్న ఇల్లు రెండుగా చీల్చినప్పుడు బావి నీ సగంలోకి పోయింది, సరే. నువ్వు కూతురి దగ్గరికి పోతూ పోతూ దాని నోటికి ఇనప చట్రం బిగించి పిడికెడంత తాళం వేసుకుపోయావు, అదీ సరే. కింద నీళ్ళు ఊరుతున్నాయి, పైన కాకులు రెట్టలు వేస్తున్నాయి, నేను గోడ మీద గడ్డం ఆనించి చూస్తున్నాను. నీ కడుపు చల్లగా ఉందనుకుంటాను.

ఇప్పుడు నా సంగతి. స్టేషను ముందున్న లాడ్జీ దుప్పట్లు ఉతికేది నేనే. రోజుకి ముప్పై. వాటికి ముప్పై బిందెల నీళ్ళు కావాలి. వీధి చివర కుళాయి నుంచి నడుం మీద ఒకటి, చేతిలో ఒకటి. పదిహేను సార్లు పోవడం, పదిహేను సార్లు రావడం. మోకాళ్ళు చూసి కాంపౌండరు ఏమన్నాడో తెలుసా? "వానాకాలం దాకా లాక్కొస్తావమ్మా, ఆ తర్వాత బిందె నిన్ను మోయాల్సిందే." దుప్పట్లు పోతే నాకు పూట గడవదు. కూర్చోబెట్టి పెట్టేవాళ్ళు నాకెవరున్నారు? అందుకని నా పెరట్లో నేనే బోరు వేయించుకుంటున్నాను.

లారీ మీద మిషను తెచ్చేవాళ్ళు చెప్పిన ధరకి నన్ను తూకం వేసి అమ్మినా చాలదు. అందుకని చేతి బోరు. మూడు దుంగల ముక్కాలి, ఒక కప్పీ, ఒక మోకు, నలుగురు మనుషులు. వాళ్ళ మేస్త్రి మర్యాదస్తుడు, ఉన్నమాట చెప్పాడు. "అమ్మా, నీ డబ్బుకి రెండే దారులు. నలభై అడుగులు దింపి పైన చేతి పంపు బిగిస్తాను. లేదా అరవై దింపుతాను, పంపుకి మిగలదు. రెండోసారి తవ్వడం మాత్రం నీ వల్ల కాదు. నేల సంగతి తెలిసినవాళ్ళెవరినైనా అడిగి తేల్చుకో."

నాన్న ఆ బావి తవ్వించేనాటికి నేను అత్తారింట్లో ఉన్నాను. నీకు పదకొండేళ్ళు, పొద్దస్తమానం ఆ గోతి ఒడ్డునే ఉండేదానివి. ఎంత లోతుకి ఏం పడింది? నాన్న ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు? ఇదొక్కటి చెప్పు. ఇంకేమీ వద్దు. నీ ఆరోగ్యం అడగను, నాది నువ్వు అడగొద్దు.

చెప్పింది అక్క. రాసింది దర్జీ, తనకు ఏ పాపమూ తెలియదని రాసుకుంటానంటున్నాడు, రాసుకోనిచ్చాను.


అల్లుడి ఇల్లు, మేడ మీద గది
ఫిబ్రవరి 21

అక్కకి,

నీ ఉత్తరం చేరింది. ఈ ఇంట్లో ఎవరి ఉత్తరమైనా అల్లుడుగారే ముందు విప్పుతారు. చదివి నవ్వుకుంటూ నా ఒళ్ళో పడేశారు.

తాళం ఎందుకు వేశానో నీకు తెలియనట్టు రాయించావు. దర్జీకి తెలియదేమో, అతని కోసం రాస్తాను, గట్టిగా చదివించుకో. నా కూతురి సంబంధం ఖాయమైన వారంలో, పెళ్ళికొడుకు తల్లి తన బట్టల మూట కోసం నీ గుమ్మంలోకి వచ్చింది. "పిల్ల ఎలాంటిది?" అని మాటవరసకి అడిగింది. నువ్వు ఇస్త్రీపెట్టె కూడా ఆపకుండా, "బంగారం. నెలకోసారి నేల మీద పడి గిలగిల కొట్టుకుంటుంది, అంతే" అన్నావు. ఆ సాయంత్రానికే సంబంధం తప్పిపోయింది. తర్వాత దొరికినవారే ఈ అల్లుడుగారు. నీ నోటి ఫలం నేను ఎనిమిదేళ్ళుగా ఈ మేడ మీద గదిలో తింటున్నాను.

అయినా నువ్వు అడిగింది నీళ్ళ సంగతి గనక చెబుతున్నాను. నీళ్ళు అడిగినవాళ్ళకి కాదనకూడదని అమ్మ అనేది.

నలభై అడుగులకి ముతక ఇసుక, అందులో తియ్యటి నీళ్ళు. మన బావి అక్కడిదే. నలభై రెండు దగ్గర నీలం బంకమన్ను తగులుతుంది, సబ్బుముక్కలా జారుతుంది. నాన్న అక్కడ ఆగింది చేతిలో డబ్బు అయిపోయి. ఆ బంకమన్ను పది అడుగుల మందం. దాన్ని దాటితే కింద ఉన్న నీళ్ళు ఇంకా తియ్యనివి. పైగా వాటికి ఎంత ఒత్తిడంటే, పంపు అక్కర్లేకుండా వాటంతటవే పైకి లేస్తాయి. నాన్న దింపిన ఇనప కడ్డీ వెంట అవి బుసకొట్టుకుంటూ రావడం నా కళ్ళతో చూశాను. మళ్ళీ డబ్బు చేతికొచ్చాక దాటిద్దామనుకున్నాడు, ఆ రోజు రాలేదు.

పంపు డబ్బు పైపుల్లో పెట్టు. అరవైకి వెళ్ళు. నీ ఇష్టం.

చెల్లెలు


పాత ఇల్లు, గోడకి ఇవతలి సగం
మార్చి 14

చిన్నదానికి,

నీ ఉత్తరం దర్జీ మూడుసార్లు చదివాడు. ఇస్త్రీపెట్టె ముక్క దగ్గర నా వైపు ఓరగా చూశాడు. "చూసింది చాలు, ముందుకి పోనీ" అన్నాను. ఆవిడ అడిగింది, ఉన్నది చెప్పాను. లేనిది చెప్పలేదు కదా.

పని మొదలైంది. చూడ్డానికి చిత్రంగా ఉందే. పైపు గోతిలో నిలబెట్టి, పక్కన నీళ్ళు పోస్తూ, ముగ్గురు మోకు లాగి పైపుని లేపి దభీమని వదులుతారు. ఒకడు పైన కూర్చుని పైపు నోరు అరిచేత్తో మూస్తాడు, తెరుస్తాడు. తెరిచినప్పుడల్లా బురద చిమ్ముతుంది. మేస్త్రి వాణ్ణి "తబలా" అని పిలుస్తాడు. రోజంతా మొహాన బురద చిమ్మించుకుని సాయంత్రం దువ్వెన అడిగేవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను.

అయిదు అడుగులకో ముద్ద తీసి బల్ల మీద వరసగా పెట్టమన్నాను. ప్రతి ముద్దా నాలుక మీద వేసుకుని చూస్తున్నాను. మేస్త్రి నవ్వాడు. "నీకు పైపు మీద అంకెలున్నాయి, నాకు నాలుక ఉంది" అన్నాను. నల్లమట్టి, ఎర్రమట్టి, గవ్వల మట్టి. నలభైకి నువ్వు చెప్పినట్టే ముతక ఇసుక. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. నలభై రెండుకి నీలం బంకమన్ను, అదీ నువ్వు చెప్పినట్టే.

మేస్త్రి మోకు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, ఇక్కడ ఆపుదాం. చిల్లుల పైపు దింపి పంపు బిగిస్తాను. ఒక్క ఊపున పదిహేను బిందెలొస్తాయి, మళ్ళీ పూట ఆగితే ఇంకో పదిహేను. బంకమన్ను కింద ఏముందో నాకు తెలియదు, తెలియనిదాన్ని పొడవడం నాకిష్టం ఉండదు."

"నీకు తెలియకపోతే మానె. మా చెల్లెలు కళ్ళారా చూసింది" అన్నాను.

"ఎప్పుడమ్మా?"

"పదకొండేళ్ళప్పుడు."

"నేను పదకొండేళ్ళప్పుడు దయ్యాన్ని చూశానమ్మా" అన్నాడు. మిగతా ముగ్గురూ పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు.

పంపు కోసం దాచింది పైపులకి ఇచ్చేశాను. చాలకపోతే ఇత్తడి ఇస్త్రీపెట్టెలు రెండింటిలో ఒకటి అమ్మాను. ప్రస్తుతం నలభై ఎనిమిది దగ్గర ఉన్నాం. పైపులు రావడానికి మరో పది, పన్నెండు రోజులు పడుతుందట. రాగానే దాటిస్తాం.

నీ మీద నాకున్న కోపం అలాగే ఉంది, ఒక్క నలుసు రాలలేదు. కానీ నువ్వు నేల సంగతి నిజం చెప్పావు. చెప్పకుండా ఉండి ఉండొచ్చు. ఆ మాట రాయించకపోతే దర్జీ ముందు నాకు మర్యాదగా ఉండదు.

అక్క


అల్లుడి ఇల్లు, మేడ మీద గది
మార్చి 23

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరం అందగానే పని ఆపించు. ఎక్కడున్నది అక్కడ ఆపించు.

నేను అబద్ధం రాశాను. నాన్న దగ్గర డబ్బు అయిపోలేదు. కడ్డీ దింపిన మాట నిజం. నీళ్ళు బుసకొట్టుకుంటూ లేచిన మాట నిజం. కానీ అవి ఉప్పునీళ్ళు. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. నాన్న ఆ కన్నంలో చెక్కమేకు దిగ్గొట్టించి, దాని మీద బంకమన్ను తొక్కించాడు. చిన్నదాన్నని నన్నే తాడుకి కట్టి దింపారు, తొక్కింది నా కాళ్ళే. "ఈ పొర పగిలితే పైన ఉన్న తియ్యటి నీళ్ళు కూడా చచ్చిపోతాయి, ఎవరూ పొడవకండి" అని నాన్న చెప్పాడు.

ఆ రోజు కోపంలో రాశాను. నీ డబ్బు ఉప్పులో కలవాలనుకున్నాను. ఈ మధ్య నిద్ర పట్టడం లేదు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళం, ఈ వయసులో ఒకరినొకరు కాల్చుకు తినడం ఎందుకు? నా మనసు కరిగిపోయింది. బావి తాళంచెవి ఈ కవరులోనే పెట్టి పంపుతున్నాను. ఎన్ని నీళ్ళు కావాలంటే అన్ని తోడుకో. అరవై బిందెలు తోడుకో. బోరు మాత్రం వద్దు. నలభై ఎనిమిది దగ్గరే మట్టి పోసి మూసెయ్యి. నీకు దణ్ణం పెడతాను.

నీ చెల్లెలు


పాత ఇల్లు, గోడకి ఇవతలి సగం
ఏప్రిల్ 4

ఒసే చిన్నదానా,

నీ తాళంచెవి చేరింది. ఎప్పుడు చేరిందో, చేరేసరికి ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

అంతకు ముందురోజు ఒక పెద్దమనిషి వచ్చాడు. సోడా ఫ్యాక్టరీ యజమాని. నీ గేటు తోసుకుని పెరట్లోకి వచ్చాడు. దారం కట్టిన సీసా ఒకటి నీ ఇనప చట్రం సందులోంచి బావిలోకి వదిలి, నీళ్ళు తీసి, తాగి, పెదాలు చప్పరించాడు. గోడ ఇవతల నుంచి "ఎవరయ్యా?" అన్నాను. "ఈ సగం కొంటున్నానమ్మా, మీ చెల్లెలిగారి అల్లుడితో బేరం కుదిరింది. ఇల్లు నాకెందుకు, పడగొడతాను. ఈ నీళ్ళే నాకు కావాలి. ఇంత తియ్యటి బావి ఈ చుట్టుపక్కల లేదు" అన్నాడు. నా పెరట్లో ముక్కాలి చూసి మొహం ముడుచుకున్నాడు. "ఎంత లోతు పోతున్నారు?" అని అడిగాడు. చెప్పాను. గబగబా వెళ్ళిపోయాడు.

మర్నాడు నీ ఉత్తరం. పైపులూ అదే పొద్దున వచ్చాయి. ఒకటి బిగించి దింపుతూ యాభై దగ్గర ఉన్నాం. దర్జీ బోరు పక్కనే నిలబడి పైకి చదివాడు. కూలివాళ్ళు మోకు ఆపి విన్నారు. "నా మనసు కరిగిపోయింది" అన్న చోట తబలా కళ్ళు తుడుచుకున్నాడు.

కరిగిందా? ఏం పెట్టి కరిగించారే దాన్ని, సోడా పోశారా? ఎనిమిదేళ్ళు రాయిలా ఉన్న మనసు, బేరం కుదిరిన వారానికి కరిగింది. నా నీళ్ళు ఉప్పవ్వాలని మొదటి ఉత్తరం రాసినప్పుడు నీ బావికీ నా బోరుకీ కింద ఒకటే ఇసుకని నీకు తట్టలేదు. కొనేవాడు దొరికాక తట్టింది. "ప్రియమైన అక్కకి"ట! ఆ మాట నీ నోట ఎప్పుడైనా విన్నానా? ఆ ఉత్తరం నీది కాదు. అల్లుడు చెప్పాడు, నువ్వు రాశావు. నాకు దర్జీ రాసిపెడతాడు, నీకు అల్లుడు చెప్పిపెడతాడు. మన ఇద్దరిలో చదువు రానిది ఎవరే?

మేస్త్రి అన్నాడు, "ఆపుదామమ్మా. తాళంచెవి వచ్చింది కదా. ఆ బావి నీళ్ళు నీకు జన్మంతా సరిపోతాయి."

"ఎవరి బావి? రేపు సోడావాడిది. వాడు నాకు తోడుకోనిస్తాడా?"

"పోనీ నలభై దగ్గరికి వెనక్కి వద్దాం. పంపు సంగతి నేను చూస్తాను, మెల్లిగా ఇద్దువుగాని. ఇంకో రెండడుగులు పోతే నీదే కాదు, గోడ అవతలి బావి కూడా పోతుంది."

"ఆ మాట ఇంకోసారి చెప్పు" అన్నాను.

చెప్పాడు. నా మొహం చూసి మోకు కింద పెట్టేశాడు. "ఈ పాపంలో నా చెయ్యి పెట్టను" అన్నాడు. సరే, చెయ్యి నాకు లేదా? మోకు నేనే పట్టుకున్నాను. తబలా, ఇంకొకడు, రోజు కూలి పోతుందని పట్టారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మోకాళ్ళ మీద ఆ రెండడుగులూ నేను లాగాను. బంకమన్ను చివరి ముద్ద నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఉంది. నీ జన్మలో నువ్వు నాకు రాసిన ఒక్క నిజం అబద్ధం కాదని తెలిసింది. ఇంకో దెబ్బ వేశాం.

లేచాయి. నువ్వు చెప్పినట్టే, పంపు లేకుండా, పైపు నోటికి జానెడు కిందకి వచ్చి నిలబడ్డాయి. గుడ్డముక్క ముంచి దోసిట్లోకి పిండుకుని తాగాను. నాలుక చర్మం ఊడినట్టయింది.

మేస్త్రి ఆ గడియలోనే బంకమట్టి ఉండలు చుట్టి "ఇప్పుడే పూడ్చేస్తాను, ఇప్పుడైతే ఏమీ కాదు" అంటూ బతిమాలాడు. గుప్పెట్లో ఉండలతో నా వెనకే తిరిగాడు. గెంటేశాను.

తర్వాత నీ తాళంచెవితో నీ తాళం తీశాను. ఆ రోజుకి నీ బావి ఇంకా తియ్యగానే ఉంది. ఆ నీళ్ళతో వారం రోజులు లాడ్జీ దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉతికాను. ఇవాళ నాలుక మీద కాస్త తేడా తెలిసింది. రేపు ఇంకాస్త తెలుస్తుంది.

దర్జీ ఇందాక కలం ఆపి "నీకేం మిగిలిందమ్మా?" అని అడిగాడు. అడిగినవాడే జవాబు రాసుకోమన్నాను. ఖాళీగా వదిలేశాడు.

అక్క


అల్లుడి ఇల్లు, మెట్ల కింద
మే 2

అక్కా,

నీ నోట్లో మన్ను పడ. పడాల్సిన మన్ను నువ్వే ముద్దలు ముద్దలుగా తిన్నావు, ఇంక నేను వేరే తిట్టడం ఎందుకు?

మేడ మీద గది నాకు లేదు. సోడా యజమాని రిజిస్ట్రేషనుకి ముందురోజు మళ్ళీ వెళ్ళి, నీళ్ళు నోట్లో పోసుకుని అక్కడే ఉమ్మేశాడట. అక్కడినుంచే అల్లుడికి ఫోను చేశాడు. అల్లుడు నా పెట్టె తెచ్చి మెట్ల కింద పెట్టాడు. "మీ బావితో మీరే కాపరం చేసుకోండి అత్తగారూ" అన్నాడు. నా కూతురు తలుపు పట్టుకుని నిలబడి చూసింది. "అమ్మా, పెద్దమ్మ అన్నది నిజమే కదా, నాకు మూర్ఛ ఉన్నమాట. నువ్వు దాచబట్టే కదా ఈయన రోజూ దెప్పుతాడు" అని తర్వాత అన్నది. అది కూడా నీ ఖాతాలోనే వేసుకో, సంతోషిస్తావు.

అవును, ఆ రెండో ఉత్తరం అల్లుడే చెప్పి రాయించాడు. మొదటిది మాత్రం నాది. పూర్తిగా నాది. నిన్ను ముంచాలని రాసిన ప్రతి అక్షరం నా సొంతం. నీకు అది చాలా?

బోరు ఇప్పటికైనా పూడ్పించు. నీ కోసం కాదు, నా కోసం కాదు. నాన్న చెప్పాడని.

పదో తారీఖు బండికి వస్తున్నాను. నాకింకో చోటు లేదు. నీ మొహం చూడాల్సిన పని నాకు లేదు, గోడ ఉంది. బావి తాళంచెవి నా గుమ్మం మీద పెట్టు. ఇంట్లో ఏమేమి లేవో రాయించు, తెచ్చుకుంటాను.

చెల్లెలు


పాత ఇల్లు, గోడకి ఇవతలి సగం
మే 7

చిన్నదానికి,

రా. నీ ఇల్లు, నేనెవర్ని వద్దనడానికి.

లాడ్జీ మేనేజరు నిన్న దుప్పట్లు పట్టుకుపోయాడు. మోకు లాగినప్పటి నుంచి నా మోకాళ్ళు తాగే నీళ్ళకి ఒక్క బిందెకే కుళాయి దాకా పోనిస్తున్నాయి, దుప్పట్లకి నీ బావే దిక్కయింది. ఆరిన దుప్పటి నిలబెడితే నిలబడుతోంది, అట్టలా. మధ్యలో తెల్లటి చారలు. పడుకున్నవాళ్ళకి ఒళ్ళు దురదలట. "ముప్పై ఏళ్ళ నుంచి ఉతుకుతున్నావు, ఏమొచ్చిందమ్మా నీకు?" అన్నాడు. నాకేమీ రాలేదు, నీళ్ళకి వచ్చింది అన్నాను. కొత్తగా ఎవరికో మిషనున్నవాళ్ళకి ఇచ్చేశాడు. రేపటి నుంచి నేను పొద్దున్నే లేవక్కర్లేదు.

బోరు పూడిపోయింది. నేను పూడ్పించలేదు. మేస్త్రి తన డబ్బుతో మట్టి తెచ్చి, నేను కుళాయికి పోయినప్పుడు వచ్చి, ఉండలు వేసి, సిమెంటు పోసి పోయాడు. నేను తిరిగొచ్చేసరికి తడి ఆరుతోంది. పోతూ పోతూ దర్జీతో చెప్పాడట, "నాలుగు మంచి వానాకాలాలు పడితే గాని పై ఇసుక కడుక్కోదు. ఆ తర్వాతే నీళ్ళు మళ్ళీ తియ్యగా అవుతాయి" అని. నీకు డెబ్భై. నాకు డెబ్భై ఎనిమిది. లెక్క నువ్వే వేసుకో, చదువుకున్నదానివి.

ఇంట్లో ఏమేమి లేవో అడిగావు, నీ కిటికీలోంచి తొంగి చూశాను. దీపం ఉంది, చాప ఉంది, ఎలకలు ఉన్నాయి. సబ్బులు తెచ్చుకో. ఇక్కడి నీళ్ళకి ఏ సబ్బూ నురగ రాదు. ఎంత రుద్దినా పెరుగు విరిగినట్టు ముద్దకడుతుంది. అయినా తెచ్చుకో. నువ్వు రుద్దుకుంటూ కూర్చుందువుగాని, నాకు పనేమీ లేదు, నేను చూస్తూ కూర్చుంటాను.

అక్క